మా తమ్ముడి మిషన్లూ, ఒకే ఒక్క గొర్రె

మా తమ్ముడు నెలకో మిషను మారుస్తాడు. ప్రసంగం మాత్రం మార్చడు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా మా చర్చికి వాడే అయ్యగారు. ఇన్నేళ్ళలో ఆ వేదిక ఎక్కని యంత్రం లేదు, ఆ వేదిక దిగిన గొర్రె లేదు. గొర్రె అంటే ప్రభువు చెప్పిన కథలోని గొర్రె. కాపరికి నూరు గొర్రెలు. ఒకటి తప్పిపోతుంది. తొంభై తొమ్మిదినీ వదిలేసి ఆ ఒక్కదాని కోసం కాపరి కొండలెక్కుతాడు. ఈ కథ తెలియని విశ్వాసి ఎక్కడా ఉండడు. మా చర్చిలో అయితే గోడ మీద బల్లికి కూడా కంఠతా వచ్చు.

అందరికీ వాడు అయ్యగారు. నాకు తమ్ముడు. నేను మూడో తరగతి దాకా చదివి, అమ్మ పోయాక కుట్టుమిషను ఎక్కాను. ఆ మిషను తొక్కి వాణ్ణి పెంచాను. కాబట్టి వాణ్ణి 'ఒరే' అనే హక్కు ఈ లోకంలో నాకొక్కదానికే ఉంది. దాన్ని రోజుకు నాలుగుసార్లు తుప్పు పట్టకుండా వాడుకుంటాను.

సేవలోకి రాకముందు వాడు రేడియోలు బాగుచేసేవాడు. "ప్రభువు పిలిచినప్పుడు నా చేతిలో స్క్రూడ్రైవరుంది అక్కా, పక్కన పెట్టి రమ్మని ఆయన అనలేదు" అంటాడు. చర్చి వెనక రెండు గదుల్లో వాళ్ళ కాపురం. ఒక గదిలో మా మరదలు, పొయ్యి, మంచం, బట్టలు. రెండో గదిలో వైర్లు. మా మరదలు ఆసుపత్రిలో నర్సు, ఓర్పు గల పిల్ల. ఒకసారి అడిగాను.

"అమ్మాయ్, ఈ చెత్తలో ఎలా ఉంటున్నావే?"

"అలవాటైపోయింది వదినా. ఏది ముట్టుకుంటే షాకు కొడుతుందో తెలిసిపోయింది. కాపురమంటే అంతేగా."

మొదట వచ్చింది టేపు రికార్డరు. ఆదివారం తన ప్రసంగాన్ని తనే రికార్డు చేసుకుని, సోమవారం దానికి కాపీలు తీసి, ప్రతి కాసెట్టు మీదా తేదీ రాసేవాడు.

"ఒరే, అన్నిట్లోనూ ఉన్నది ఆ గొర్రే కదా, మళ్ళీ తేదీ దేనికిరా?"

"తేదీ మారిందిగా అక్కా."

ఇక వాడితో ఏం వాదిస్తాం.

ఏ వాక్యం చదివినా వాడు గొర్రె దగ్గరికే చేరతాడు. ఓడ గురించి మొదలుపెడితే ఓడలో ఒక గొర్రె ఉంటుంది. గోడ గురించి మొదలుపెడితే గోడ అవతల ఉంటుంది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఆ పిల్లాణ్ణి ముందు నిలబెట్టి, ఇరవై నిమిషాలు తప్పిపోయిన గొర్రె చెప్పాడు. పెళ్ళికూతురు నవ్వాపుకోలేక పూలగుత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. వెనక బల్లల మీది పిల్లలు గడియారం చూస్తూ పందేలు కాస్తారు, ఇవాళ గొర్రె ఎన్నో నిమిషానికి వస్తుందని. ఎక్కువసార్లు ఏడో నిమిషం గెలుస్తుంది.

తర్వాత ఇనప హారను వచ్చింది. నిచ్చెన వేసుకుని చర్చి కప్పు మీద బిగించాడు. బిగించినవాడు ఆకాశం వైపో బజారు వైపో పెట్టొచ్చుగా, సరిగ్గా మాష్టారి పడకగది కిటికీలోకి పెట్టాడు.

మాష్టారంటే రిటైరైన హెడ్మాస్టరు, మా సంఘ పెద్దలకు పెద్ద. నిటారైన మనిషి, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుంటాడు. అప్పట్లో ఆయన కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. పారిపోదామన్నా వీలు లేదు. ఉత్తరం మీద ఉత్తరం రాసి పంపాడు. చివరికి మా తమ్ముడే వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను.

"అయ్యగారూ, ఆ హారను నా చెవిలో పెట్టినట్టుంది."

"గాలికి తిరిగిందండీ మాష్టారూ."

"ఇనప హారను గాలికి తిరుగుతుందా?"

"పెద్దగాలండీ."

మూడు నెలలు ఆ పెద్దగాలి అటే వీచింది. తర్వాత ఒక ఆదివారం హారను దానంతటదే దిగిపోయింది. మాష్టారు తన ఉత్తరాలకు భయపడి తీశారని అందరికీ చెప్పుకున్నాడు.

ఆ పైన గోడ మీద అక్షరాల మిషను. వాడు నోటితో అన్న ప్రతి మాటా వెనక తెల్లగోడ మీద పెద్ద అక్షరాలతో పడేది. బొమ్మలూ పడేవి. మొదటిరోజు గొర్రె బొమ్మ తలకిందులుగా పడింది, నాలుగు కాళ్ళూ పైకి. వెనకనుంచి ఓ పిల్ల "అమ్మా, చచ్చిపోయింది" అని ఏడుపు. మా తమ్ముడు ఒక్కసారి వెనక్కి చూసి, ఏమీ తడబడకుండా "గుంటలో పడింది, ఇప్పుడే లేస్తుంది" అని మిషను తిప్పాడు. గొర్రె లేచింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు తెలిసి గొర్రెకు చప్పట్లు కొట్టిన చర్చి మాదొక్కటే.

ఎగిరే మిషను సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నాలుగు రెక్కలది, తేనెటీగలా గుయ్‌మంటుంది. పిల్లల ఆదివారానికి నా చేత దూదితో గొర్రెను కుట్టించుకున్నాడు. కళ్ళకు చొక్కా గుండీలు పెట్టాను, చాలా లక్షణంగా వచ్చింది. తప్పిపోయిన ఆ గొర్రె గుమ్మం నుంచి ఎగిరి కాపరి ఒళ్ళోకి రావాలి. గుమ్మంలో బయల్దేరింది బాగానే. ఫ్యాను గాలి తగిలి పక్కకు పోయి, మొదటి బల్ల మీద కూర్చున్న మాష్టారి బట్టతల మీద దిగింది. దిగి అక్కడే కూర్చుంది.

మాష్టారు దాన్ని రెండు వేళ్ళతో తీసి ఒళ్ళో పెట్టుకుని అన్నాడు. "అయ్యగారూ, మూడో తరగతి పాఠం ముప్పై ఏళ్ళపాటు చెప్పిన టీచరును నేనైతే ఉద్యోగంలో ఉంచేవాణ్ణి కాదు."

"గొర్రె మిమ్మల్ని ఎంచుకుందండీ, నేనేం చేయను" అన్నాడు మా వాడు.

నవ్వులాటగానే అన్నా, మాష్టారి మనసులో ఆ మాట ఊరింది. ఆయనది పాఠం పద్ధతి. వారానికో పాఠం, ఏడాదికి యాభై రెండు, చివర పరీక్ష. "పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టుంది మన అయ్యగారి వరస. మిషను మారితే చాలా? కొత్త సీసాలో పాత సారా" అని గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెప్పేవాడు. సంఘ పెద్దలం నలుగురం. మాష్టారు, లారీ నడిపి మానేసిన డ్రైవరు, బేకరీ ఆయన, ఆడవాళ్ళ తరఫున నేను. డ్రైవరు మాటకు ముందు దగ్గుతాడు, తర్వాత మాట్లాడడు. బేకరీ ఆయన ఎవరేమన్నా "అవునవును" అంటాడు. ఇక మిగిలిన నోరు నాది. నిజం చెప్పాలంటే నాకూ విసుగొచ్చింది. బజారులో "మీ గొర్రె బాగుందా టైలరమ్మా" అని అడిగించుకోవడం ఎంతకాలమని.

ఆరేళ్ళ కిందట వచ్చింది అసలు మిషను. మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా. చర్చిలో జరిగేదంతా అప్పటికప్పుడు ఫోన్లలో కనిపిస్తుందట. ఎంతమంది చూస్తున్నారో పక్కనే ఒక చిన్న తెర మీద అంకె పడుతుంది. లోకమంతా చూస్తుందన్నాడు. మొదటి ఆదివారం అంకె ఒకటి. రెండో ఆదివారం ఒకటి. ఆరేళ్ళూ ఒకటి. మిగతా వాళ్ళమంతా చర్చిలోనే ఉంటే ఇంక చూసేదెవరు.

"ఎవర్రా ఆ ఒక్కరు?"

"ఒకరులే అక్కా."

"మీ రెండో ఫోనేమో చూసుకోండి" అన్నాడు మాష్టారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆ కెమెరా వచ్చిన రోజునే నన్ను ఇరవై ఏళ్ళుగా కూర్చునే మధ్య బల్ల మీంచి లేపి, ఎడమ పక్క స్తంభం వెనక కూర్చోబెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"నేను కనబడితే నీ కెమెరా పగులుతుందా?"

"అటువైపు వెలుతురు చాలదక్కా."

కిటికీ పక్కనున్న మధ్య బల్లకు వెలుతురు చాలదట. తోడబుట్టినవాడు కదా అని సర్దుకున్నాను. నా చేతనే ఆ కెమెరాకు ముసుగు కూడా కుట్టించాడు, దుమ్ము పడకుండా. మందపాటి నల్లగుడ్డ, లోపల లైనింగు వేసి ఇచ్చాను. పనికి పని, మాటకు మాట.

పోయిన నెల మాష్టారు తాడో పేడో తేల్చుకున్నాడు. కొత్తగా చదువుకుని వచ్చిన ఒక సేవకుడున్నాడు, ఆయన దగ్గర యాభై రెండు ప్రసంగాలు, ఒకదాని పోలిక ఒకదానికి లేనివి, వరసగా అచ్చువేసి ఉన్నాయి.

"అయ్యగారూ, వచ్చే ఆదివారం గొర్రె లేని ప్రసంగం ఒక్కటి చెప్పండి. ఒక్కటి చాలు. గొర్రె వచ్చిందంటే ఆరాధన అయ్యాక పెద్దలం కూర్చుంటాం. నెల తిరిగేసరికి కొత్తాయన వస్తాడు."

అంటే వేదికా పోతుంది, వెనక రెండు గదులూ పోతాయి. అరవై దాటిన మనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని ఎక్కడికి పోతాడు? నేను పరుగెత్తాను.

"ఒరే, ఈ ఒక్కవారం గొర్రెకు సెలవియ్యరా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"సరే అక్కా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకే భయమేసింది.

ఇప్పుడు ప్రసంగాలు రాసిపెట్టే మిషన్లు కూడా వచ్చాయట. ఫోనులో అడిగితే చాలు. వాడు అడిగాడు. చిటికెలో రాసిచ్చింది. నేను అట్టే చదవలేను, మరదలు చదివి వినిపించింది. మూడు ముఖ్యాంశాలు, ప్రతి ముఖ్యాంశం కిందా మూడు చిన్న అంశాలు, చివర ముగింపు. మడత నలగని ఇస్త్రీ చొక్కాలా ఉంది. ఎక్కడా గొర్రె లేదు. మేక కూడా లేదు.

ఆ ఆదివారం వాడు ఆ కాగితాలతో వేదికెక్కాడు. చదవడం మొదలుపెట్టాడు. అయిదో నిమిషం. ఏడో నిమిషం. వెనక పిల్లలు పందెం పోయి గుసగుసలాడుతున్నారు. పదో నిమిషం. మాష్టారి చేతిలో గడియారం. నేను స్తంభం వెనక కళ్ళు మూసుకుని, ప్రభువా, ఇంకో పది నిమిషాలు ఆ గొర్రెను గట్టిగా కట్టేసి ఉంచు తండ్రీ అని ప్రార్థన.

పన్నెండో నిమిషంలో వాడి గొంతు ఆగింది. కళ్ళు తెరిచాను. వాడు కెమెరా పక్కనున్న చిన్న తెర వైపు చూస్తున్నాడు. అక్కడ అంకె ఒకటి. అలా కాసేపు చూసి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, హాయిగా ఊపిరి పీల్చుకుని అన్నాడు.

"ఒక కాపరికి నూరు గొర్రెలున్నాయి."

చర్చి అంతా ఒక్కసారి నిట్టూర్చింది. మాష్టారు గడియారం జేబులో వేసుకున్నాడు.

ఆరాధన అయ్యాక వాణ్ణి గుమ్మం దగ్గర పట్టుకున్నాను. "ఇంకెంతసేపురా, పది నిమిషాలు. ఆ కాగితంలో ఏం తక్కువైందని?"

"ఏమీ తక్కువ కాలేదు అక్కా, నాకంటే బాగా రాసింది. కానీ దానికి ఎవరూ తప్పిపోలేదు." అని, "పెద్దలు కూర్చునే చోట నేను ఉండకూడదు. ఆ కెమెరా సంగతి కాస్త చూడు" అంటూ వెనక గదికి వెళ్ళిపోయాడు.

నేను చూశాను. యాభై ఏళ్ళుగా నా కొట్టులో పని అయిపోతే మిషను మీద గుడ్డ కప్పుతాను. గుడ్డ కప్పానంటే మిషను పడుకున్నట్టే. నల్ల ముసుగు తెచ్చి కెమెరా నెత్తిన వేసి, అంచులు సరిచేసి, వచ్చి బల్ల మీద కూర్చున్నాను.

మాష్టారు మినిట్సు పుస్తకం తెరిచాడు. "అయ్యగారు మంచివారు. అందులో రెండో మాట లేదు. కానీ సంఘానికి మేత కావాలి. ఏమంటారు?"

"అవునవును" అన్నాడు బేకరీ ఆయన.

డ్రైవరు దగ్గాడు. తల అడ్డంగా ఊపాడు.

"మీరు టైలరమ్మా?"

నా చెయ్యి ఎటు లేస్తుందో నాకే తెలియలేదు. వాడి పక్షాన లేస్తే రెండూ రెండూ, అప్పుడు అధ్యక్షుడి మాటే నెగ్గుతుంది. ఎటు లేచినా ఒకటే. నేను చెయ్యి ఒళ్ళోనే పెట్టుకున్నాను.

మాష్టారు కొంచెం వేడెక్కాడు. "ఆరేళ్ళుగా ఆ కెమెరాలో చూసేది ఒక్కడు. ఎవడో పనిలేనివాడు ఫోను పెట్టి నిద్రపోతుంటాడు. తప్పిపోయిన గొర్రె, తప్పిపోయిన గొర్రె. అసలు ఈ సంఘంలో తప్పిపోయిందెవరు? ఒక్కరిని చూపించండి, నేను పుస్తకం మూసేస్తాను."

నేను మాట్లాడకూడదనుకున్నాను. కానీ నా నోరు ఎప్పుడు నా మాట విన్నది గనక.

"మీ ఇంటావిడ" అన్నాను.

మాష్టారి కలం ఆగింది. "ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కలేదు."

"మోకాళ్ళు కాదు మాష్టారూ. నా నోరు."

ఆరేళ్ళు కడుపులో దాచుకున్నది అప్పుడు బయటికొచ్చింది. పాటల బృందానికి కొత్త గౌన్లు కుట్టేటప్పుడు మాష్టారమ్మ కొలతలకు వచ్చింది. బృందంలో అందరికంటే గొంతు బాగున్న మనిషి. టేపు ఆమె చుట్టూ పట్టి, చుట్టూ పదిమంది వింటుండగా, "ఈవిడ ఒక్కదాని గుడ్డలో ముగ్గురు కన్నెపిల్లలు పాడొచ్చు" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. టేపు మడిచి నా మిషను మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ చర్చి గుమ్మం తొక్కలేదు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాది మంచిది కాదు. అన్న రోజునే తెలుసు తప్పన్నానని. వెళ్ళి ఒక్కమాట అడిగితే పోయేది. మూడో తరగతి చదివినదానికి ఇంత పొగరేమిటో, వెళ్ళలేదు. ఇంట్లో ఆమె పాట ఆగిపోయిందని మా మరదలు చెబితే విననట్టు నటించాను. తప్పిపోయినవాళ్ళు లేరంటారేమిటి? ఒకరున్నారు. తప్పించింది నేను. రాసుకోండి."

మాష్టారు రాసుకోలేదు. కలం పక్కన పెట్టాడు. "నాకు మోకాళ్ళనే చెప్పింది" అన్నాడు చిన్నపిల్లాడిలా.

బేకరీ ఆయన "అవునవును" అన్నాడు.

ఇంతలో గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. అందరం తిరిగి చూశాం. మాష్టారమ్మ. ఇంట్లో తిరిగే చెప్పులు, తడి చేతులు, చేతిలో ఫోను. ఎగశ్వాస.

మాష్టారు లేచి నిలబడ్డాడు. "నీ మోకాళ్ళు..."

"బాగానే ఉన్నాయి. మెట్లు రెండేసి ఎక్కాను." అని నేరుగా నా ముందుకొచ్చి నిలబడింది. "ఇందాక ఏమన్నావు? 'వెళ్ళి ఒక్కమాట' దగ్గర సిగ్నలు పోయింది. మళ్ళీ అను."

నాకు అర్థం కాలేదు. ఆమె ఫోను చూపించింది. తెరంతా నలుపు. అందులోంచి ఆమె గొంతే కొంచెం వెనకగా మళ్ళీ వినిపిస్తోంది.

"బొమ్మ చీకటైపోయింది, మాటలు మాత్రం వస్తున్నాయి. చర్చిలో కరెంటు పోయిందేమో, చీకట్లోనే కూర్చున్నారేమో అనుకుని అంట్లు తోముతూ విన్నాను. మా ఆయన నన్ను పనిలేనివాడన్నాడు. అది సరే, ఇంట్లో మాట్లాడుకుంటాం. ముందు నీ మాట మళ్ళీ అను."

ఆ ఒక్కరు ఈవిడ. నేను కెమెరా కళ్ళు మూశాను గానీ దాని చెవులు మూయలేదు.

ఇంకో రోజైతే నేలలోకి దిగిపోయేదాన్ని. ఒకసారి అన్నది మళ్ళీ అనడం ఎంత కష్టమో నాలాంటి నోరున్నవాళ్ళకే తెలుస్తుంది. అన్నాను. "తప్పయింది వదినా. మన్నించు."

"సిగ్నలు బాగుంది" అని నా పక్కన బల్ల మీద కూర్చుంది.

తర్వాత చెప్పింది మొత్తం. ఆమె రావడం మానేసిన నెలలోనే మా తమ్ముడు ఇంటికి వెళ్ళాడట. ఆ టైలరమ్మ మొహం కనబడే చోటికి రానని ఈమె. సరేనమ్మా, కనబడని చోటే చూపిస్తానని వాడు. పాత ఫోను ఒకటి బాగుచేసి, బీపీ చూడ్డానికి వెళ్ళే మా మరదలి చేత పంపాడట. "నువ్వు ఒక్కసారి కనబడినా కట్టేస్తానని చెప్పాను. ఆరేళ్ళు నీ కొంగు కూడా కనబడనివ్వలేదు."

మధ్య బల్లకు వెలుతురు చాలకపోవడమంటే అది. ఊరంతా వాడి అంకెను చూసి నవ్వితే వాడూ నవ్వాడు గానీ, మా అక్క నోటి పుణ్యమని ఒక్కరితో అనలేదు. నాతో కూడా అనలేదు.

మాష్టారమ్మ భర్త వైపు తిరిగింది. "మీకోసం కూడా చేశాడుగా. కాలు విరిగి మీరు మూడు నెలలు దేవుడి మీద అలిగి పడుకుంటే, మంచం ఏ గోడకుందమ్మా అని నన్నడిగి హారను పెట్టాడు. కట్టు విప్పి మీరు చర్చికి నడిచిన ఆదివారం దించేశాడు."

"గాలికి తిరిగిందన్నాడు" అన్నాడు మాష్టారు నీరసంగా.

అప్పుడు డ్రైవరు దగ్గాడు. దగ్గి, నాకు తెలిసి మొదటిసారి, మాట్లాడాడు. "కాసెట్లు నాకోసం. ఆదివారాలు నేను రోడ్డు మీద ఉండేవాణ్ణి. తాగేవాణ్ణి. తేదీ చూసి, ఈ ఆదివారం కూడా అయ్యగారు నన్ను మర్చిపోలేదు అనుకునేవాణ్ణి."

ఇక అందరం బేకరీ ఆయన వైపు చూశాం. ఆయన మా పెదాలనే చూస్తున్నాడు. మొహం ఎర్రబడింది. "నాకు చెవులు వినబడవు. పదేళ్ళ పైనే అయింది. ఎవరికీ చెప్పలేదు. అందరూ పాడేశాక నేను ఒక చరణం వెనక పాడటం చూసి అయ్యగారే కనిపెట్టారు. ఆ తర్వాతి వారం గోడ మీద అక్షరాలొచ్చాయి. ఇప్పుడిక్కడ ఏం జరుగుతోందో నాకు అక్షరం తెలియదు. అవునవును అంటున్నానంతే."

మాష్టారు మినిట్సు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. అప్పటికే రాసింది ఒక గీతతో కొట్టేసి, కింద కొత్తగా రాసి, పైకి చదివాడు. "తప్పిపోయినవారు ఉన్నంతకాలం పాఠం మార్చనవసరం లేదు." చదివి, బేకరీ ఆయనకు కనబడేలా పుస్తకం తిప్పి పట్టుకున్నాడు. ఈసారి ఆయన చదివి మరీ అవునన్నాడు. నాలుగు చేతులు లేచాయి. పెద్దల్లో లేని అయిదో చెయ్యి కూడా లేచింది, తడిచెయ్యి. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నేను వెనక గదికి వెళ్ళేసరికి వాడు వైర్లు చుట్టలు చుట్టి పెట్టెల్లో సర్దుతున్నాడు. మరదలు పెట్టెల మీద పేర్లు రాస్తోంది.

"విప్పరా అన్నీ. నిన్నెవరూ పంపడం లేదు. ఆవిడ వచ్చింది."

వాడు చేతిలో చుట్ట కింద పెట్టాడు. "ఎలా వచ్చింది?"

"కెమెరాకు గుడ్డ కప్పాను. అది వింటూనే ఉందట."

వాడు నేల మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నాకు కోపమొచ్చింది. "నాతో ఎందుకు చెప్పలేదురా ఆరేళ్ళు? చెబితే నేనే వెళ్ళి మాట్లాడేదాన్నిగా."

"అందుకే చెప్పలేదక్కా. నువ్వు మాట్లాడితే ఇంకో ఆరేళ్ళు పట్టేది."

మరదలు గోడ వైపు తిరిగి నవ్వుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆ రోజుకు చాలినంత తగ్గాను, ఇంకా తగ్గడం ఆరోగ్యానికి మంచిది కాదు.

తర్వాతి ఆదివారం మాష్టారమ్మ మధ్య బల్ల మీద, నా పక్కన. పాట ఎత్తుకుంది. ఆరేళ్ళు మూతబెట్టిన గొంతు, కిటికీ అద్దాలు అదిరాయి. బేకరీ ఆయన అక్షరాల వైపు చూడటం మానేసి బల్ల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆ పాట ఆయనకు చెక్కలోంచి అందింది. డ్రైవరు లేచి నిలబడ్డాడు, చూసి అందరూ లేచారు. ఒక చరణాన్ని నాలుగుసార్లు పాడాం. ఎవరూ కూర్చోరు.

మా తమ్ముడు వేదికెక్కాడు. మైకు లేదు, మిషను లేదు, గోడ మీద బొమ్మ లేదు. గ్రంథం తెరిచి ఒకే ఒక్క వాక్యం చదివాడు. గొర్రె దొరికాక కాపరి ఇరుగుపొరుగును పిలిచి, నాతో కలిసి సంతోషించండి అన్నాడన్నది. చదివి గ్రంథం మూసేశాడు.

అప్పుడు నాకు తట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాడికి ఆ గొర్రెను వెతకడంలోనే టైమయిపోయేది. ఈ వాక్యం దాకా మేమెప్పుడూ రాలేదు.

"ఇక లేవండి. బయట టీ పెట్టించాను, రొట్టెలున్నాయి" అన్నాడు.

మాష్టారు బల్ల మీంచి కదల్లేదు. గడియారం చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "అయ్యగారూ, ప్రసంగం ఏదండీ? ఏడో నిమిషం కూడా కాలేదు."

"అయిపోయింది మాష్టారూ."

"గొర్రె లేకుండానా?"

"మీ ఇంటిదాకా వెతికాను, దొరికింది. మళ్ళీ వెతకమంటారా?"

పిల్లలు అప్పటికే రొట్టెల మీద పడ్డారు. బయట ఎండ చల్లగా ఉంది. నేను టీ గ్లాసు తీసుకుని గోడ నీడన నిలబడి చూస్తుండగా, మాష్టారు రెండు కప్పులతో జనంలోంచి వచ్చి, ఒకటి సాసరులో పోసి, మెల్లగా ఊది, చల్లార్చి, భార్య చేతికిచ్చాడు. ఆమె ఆయన్ను వింతగా చూసింది. నేనూ వింతగానే చూశాను. ఆ మనిషి ఇన్నేళ్ళలో ఊదగా మేము విన్నది బడి విజిలు ఒక్కటే.